బైపోలార్ ఉన్నవాళ్లు నిద్ర పుస్తకం రాయడం, వాడుకోవడం ఎలా?

“మందులు వేసుకుంటున్నానండీ, ఇంకేం చేయాలి?” నాకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క ప్రశ్నే. రెండో రకం ఇలా ఉంటుంది: “మా తమ్ముడు ఆరు నెలలుగా బాగానే ఉన్నాడు, ఇక మాత్రలు ఆపేయొచ్చా?” విడివిడిగా జవాబులు రాసీ రాసీ, అందరికీ కలిపి ఒకేచోట రాసేద్దామని కూర్చున్నాను. రెండో ప్రశ్నకి జవాబు ఇక్కడే చెప్పేస్తాను: మాత్రల వల్లే బాగున్నాడు. ఆపాలా, తగ్గించాలా అన్నది డాక్టరుతో కూర్చుని తేల్చుకోవాల్సిన మాట. మొదటి ప్రశ్నకి నా జవాబే ఈ నిద్ర పుస్తకం: నిద్ర గంటలు, మూడ్, మాత్రలు రోజూ రాసుకునే నోట్‌బుక్కు.

నేను డాక్టర్ని కాను. గుంటూరులో ఒక ప్రైవేటు ఆఫీసులో లెక్కలు రాస్తాను. జబ్బు బయటపడి 19 ఏళ్లు. మొదటి నాలుగేళ్లలో మూడుసార్లు ఆస్పత్రిలో ఉన్నాను. ఈ పుస్తకం మొదలుపెట్టాక ఒక్కసారే.

సిద్ధాంతం నాలుగు ముక్కల్లో ముగించేస్తాను. బైపోలార్ అంటే మూడ్ పైకి (మేనియా, కాస్త తక్కువ స్థాయిలో ఉంటే హైపోమేనియా), లేదా కిందికి (డిప్రెషన్) వెళ్లి రోజులు, వారాలు, నెలలు అక్కడే ఉండిపోయే జబ్బు. పొద్దున నవ్వి సాయంత్రం ఏడ్చినంత మాత్రాన బైపోలార్ కాదు. పైకి వెళ్లేముందు చాలామందిలో మొదట కదిలేది నిద్ర. నిద్ర తగ్గడం లక్షణమే కాదు, జబ్బుని లేపే కారణం కూడా. పైగా అప్పుడు మన మనసు “ఇంత బాగా ఎప్పుడూ లేను” అంటుంది. దాన్ని నమ్మడానికి లేదు కాబట్టి గడియారాన్ని నమ్ముతాం.

కావలసినవి

- 200 పేజీల రూళ్ల నోట్‌బుక్కు, దారంతో కట్టిన పెన్ను. ఫోన్‌లో యాప్‌లు ఉన్నాయి, వాడేవాళ్లు వాడండి. నేనైతే యాప్ కోసం ఫోన్ తీసి, వాట్సాప్‌లో దూరి, పన్నెండింటికి బయటికొచ్చేదాన్ని.
- ఏడు గళ్ల మాత్రల డబ్బా.
- ఫోన్ కాని అలారం గడియారం.
- మీరు తిట్టినా పారిపోని మనిషి ఒకరు. నాకు మా అన్నయ్య.
- మీ డాక్టరు నెంబరు, తాజా మందుల చీటీ జిరాక్సు. వీటి పక్కనే 14416 రాసుకోండి. అది టెలీ మానస్, ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఉచిత హెల్ప్‌లైను. రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

ఇంకా డాక్టరే దొరకనివాళ్లు జిల్లా ప్రభుత్వాసుపత్రిలో మానసిక విభాగం ఓపీ ఏ రోజో కనుక్కోండి. హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు ఆస్పత్రులున్నాయి. ఆ పేర్లు మనవాళ్లకి తిట్లుగానే తెలుసు. లోపల మాత్రం మిగతా ఆస్పత్రుల్లాగే ఓపీ చీటీ, క్యూ, డాక్టరు.

1. పేజీకి గీతలు గీయండి

ఏడు గడులు చాలు: తేదీ, నిద్రపట్టిన టైము, లేచిన టైము, మొత్తం గంటలు, మూడ్, మాత్రలు, ఆ రోజు గురించి ఒక్క ముక్క. ఆడవాళ్లు నెలసరి తేదీకి చుక్క పెట్టుకోండి.

మూడ్‌కి -3 నుంచి +3 దాకా అంకె వేయండి. సున్నా అంటే మీ మామూలు రోజు. మిగతా అంకెల అర్థం మొదటి పేజీలో మీ మాటల్లోనే రాసుకోవాలి. “కొంచెం ఉత్సాహం” అని రాస్తే రేపు మీకే అర్థం కాదు. నా +2: “ఎవరైనా చెప్తుంటే పూర్తయ్యేదాకా ఆగలేను.” నా -2: “స్నానానికి సాయంత్రమవుతుంది, కూరలో ఉప్పు చూడాలనిపించదు.”

ఒక మార్చి నెలలో నా పుస్తకం ఇది:

6: 10.40 నుంచి 5.50. 7 గంటలు. మూడ్ 0. వేశా. అప్పడాలు ఎండబెట్టాం.
7: 11.30 నుంచి 5.00. 5½. మూడ్ 0. వేశా. ఆఫీసులో సంవత్సరాంతం లెక్కలు.
8: 12.15 నుంచి 4.30. 4. మూడ్ +1. వేశా. తెల్లారేసరికి వంటింటి డబ్బాలన్నీ కడిగేశా.
9: 1.00 నుంచి 4.00. 3. మూడ్ 0. వేశా. పచ్చళ్ల వ్యాపారం!! అన్నయ్యతో మాట్లాడాలి.

తొమ్మిదో తారీఖు చూడండి. మూడు గంటలు పడుకుని, వ్యాపారం పక్కన రెండు ఆశ్చర్యార్థకాలు పెట్టి, అక్షరాలు పెద్దవై పక్క గడిలోకి ఒరిగిపోయినా మూడ్ సున్నా అనే వేసుకున్నాను. రాసేటప్పుడు అబద్ధమేమీ లేదు, నిజంగానే సున్నా అనిపించింది. మూడ్ గడీ, గంటల గడీ చెరో మాట చెప్తే గంటల గడినే నమ్మండి.

*ఇక్కడ జరిగే తప్పులు.* ఆదివారం కూర్చుని వారమంతా ఒకేసారి నింపడం (పదో తరగతి రికార్డు కాదిది). మంచం ఎక్కిన టైముని నిద్రపట్టిన టైముగా రాయడం. మధ్యాహ్నం కునుకు వదిలేయడం. అన్నిటికన్నా పెద్దది, పేజీలకు పేజీలు బాధలు రాయడం. రాయాలనిపిస్తే ఇంకో పుస్తకంలో రాయండి. దీనికి రెండు నిమిషాలు మించితే మూడో వారంలో మానేస్తారు.

2. లేచే టైముని కట్టేయండి

పడుకునే టైము మన చేతిలో ఉండదు. లేచే టైము ఉంటుంది. ఒక టైము పెట్టుకుని, ఆదివారమైనా పండగైనా అరగంటకు మించి జరపకండి. దాని వెనకాల ఇంకో నాలుగు మేకులు కొట్టండి: పొద్దున మొదటిసారి మనిషితో మాట్లాడే టైము, పని మొదలుపెట్టే టైము, రాత్రి అన్నం, లైటు ఆపడం.

సాయంత్రం నాలుగు దాటాక టీ, కాఫీ వద్దు. మధ్యాహ్నం కునుకు అరగంట. డిప్రెషన్‌లో పన్నెండు గంటలు పడుకోవాలనిపిస్తుంది; అప్పుడు కూడా అదే టైముకి లేచి, కావాలంటే వరండాలో గోడకి ఆనుకుని కూర్చోండి.

ఐటీవాళ్లు అడిగే ప్రశ్న: “అమెరికా షిఫ్టు, ఏం చేయను?” వారానికోసారి మారే షిఫ్టు కన్నా, రాత్రిదైనా సరే మారని షిఫ్టు కొంత నయం. పగటి షిఫ్టు అయితే ఇంకా మంచిది. డాక్టరు ఉత్తరం తీసుకుని అడగండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక అనారోగ్యం కూడా ఉంది. అయితే ఆఫీసులో ఎవరికి ఎంత చెప్పాలన్నది మీ ఆఫీసు చూసుకుని నిర్ణయించుకోండి. నేను మా మేనేజరుకి “నిద్ర తగ్గితే జబ్బు చేస్తుంది, డాక్టరు రాసిచ్చారు” అని మాత్రమే చెప్పాను. అంతకన్నా ఆయన అడగలేదు.

3. మీ గుర్తుల జాబితా రాయండి, ఒక్కరే కాదు

పోయినసారి పైకి వెళ్లేముందు పది రోజుల్లో ఏం చేశారో ఇంట్లోవాళ్లని అడగండి. నొచ్చుకోకుండా వినండి. నా జాబితాలో సగం మా వదిన చెప్పినవే: వాయిస్ మెసేజ్‌లు అయిదు నిమిషాలు దాటడం, రాత్రి రెండింటికి బీరువా సర్దడం, ఆటో అతనికి మా ఇంటి సంగతులన్నీ చెప్పడం, ముదురు రంగు చీరలే కట్టడం. కిందికి వెళ్లేముందు: ఫోన్ సైలెంట్‌లో పెట్టడం, పేపరు మడత విప్పకపోవడం, జడ వేసుకోకపోవడం.

“సంతోషంగా ఉండటం” అని రాయకండి. అది గుర్తు కాదు. బైపోలార్ ఉన్నవాళ్లు నవ్వితే చాలు, ఇంట్లోవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. ఆ అవమానం నాకు తెలుసు. కంటికి కనిపించే పని అయి ఉండాలి, చూసినవాళ్లెవరైనా ఔననాలి, అలాంటివే రాయండి.

తర్వాత ఒక గీత, అది దాటితే జాగ్రత్తపడాలని. నాది: *వరుసగా రెండు రాత్రులు 5 గంటల లోపు నిద్ర, అయినా అలసట లేదు.* మీ గీత ఎక్కడుండాలో డాక్టరుతో కలిసి పెట్టుకోండి. “అలసట లేదు” అన్న మాట ముఖ్యం. నిద్రపట్టక పొద్దున కళ్లు మండుతూ లేస్తే అది మామూలు నిద్రలేమి కావచ్చు. నిద్ర అవసరమే లేదనిపిస్తే, అది వేరు.

4. బాగున్నప్పుడే ఒప్పందం రాయండి

గీత దాటితే ఏం చేయాలో బాగున్నప్పుడు, ఒక పేజీలో. నాది ఉన్నదున్నట్టు:

- అదే రోజు డాక్టరుకి ఫోన్. నేను చేయకపోతే అన్నయ్య చేస్తాడు. డోసు నేనుగా మార్చను.
- డెబిట్ కార్డు అన్నయ్య దగ్గర. యూపీఐ పరిమితి రోజుకి 1,000 రూపాయలు.
- రెండు వేలు దాటిన ఖర్చేదైనా రెండు పగళ్లు, రెండు రాత్రుళ్లు ఆగాకే. రాజీనామా, ఆస్తి సంతకం, అప్పు ఇవ్వడం: డాక్టరు సరే అనేదాకా లేవు.
- సాయంత్రం ఆరు తర్వాత చుట్టాలు, ఫంక్షన్లు, బండి నడపడం బంద్.

ఇంట్లోవాళ్లకి ఒక మాట. మేం కోపంగా మాట్లాడిన ప్రతిసారీ “మాత్ర వేసుకున్నావా?” అనకండి. మా కోపానికి ఎప్పుడైనా కారణం ఉండొచ్చన్న సంగతినే ఆ ప్రశ్న కొట్టిపారేస్తుంది. మా ఇంట్లో దాని బదులు ఒక మాట అనుకున్నాం. అన్నయ్య వచ్చి కూర్చుని, “అమ్మాయ్, పుస్తకం చూద్దామా?” అంటాడు. అంతే. పుస్తకంలో ఏడేసి గంటలుంటే నా కోపం నాదే, వాడు నోరు మూసుకుని వినాలి. నాలుగు, మూడు అని ఉంటే నేను మూసుకోవాలి. మొదటిసారి పుస్తకం విసిరికొట్టాను. రెండోసారి విసిరేముందు తెరిచాను.

దీనికి చట్టబద్ధమైన రూపం కూడా ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీకు ఏ చికిత్స కావాలో, ఏది వద్దో ముందే రాసిపెట్టుకోవచ్చు (అడ్వాన్స్ డైరెక్టివ్). మీ తరఫున మాట్లాడే మనిషిని (నామినేటెడ్ రిప్రజెంటేటివ్) తెల్ల కాగితం మీద రాసి సంతకం చేసి ఎంచుకోవచ్చు. మిగతా జబ్బులతో సమానంగా దీనికీ ఆరోగ్య బీమా ఇవ్వాలని అదే చట్టం చెప్తుంది. పాలసీ తీసుకునేటప్పుడు జబ్బు దాచకండి, క్లెయిమ్ దగ్గర దొరికిపోతారు.

5. మాత్రలు, రక్తపరీక్షలు

ఆదివారం సాయంత్రం డబ్బా నింపండి. మర్చిపోయిన మాత్రకి మర్నాడు రెండు వేయకండి. అయిపోవడానికి వారం ముందే కొనండి.

*లిథియం వేసుకునేవాళ్లు ఇక్కడ నెమ్మదిగా చదవండి.* మూడ్‌ని నిలకడగా ఉంచడానికి ఇచ్చే ఈ మాత్రలో మందు, విషం మధ్య దూరం తక్కువ. రక్తంలో లెవెల్ సాధారణంగా 0.6 నుంచి 1.0 మధ్య ఉంచుతారు. 1.5 దాటితే ప్రమాదం. వయసు మళ్లినవాళ్లలో అంతకన్నా తక్కువలోనే ఇబ్బంది రావచ్చు. ఆఖరి మాత్ర వేసుకున్న 12 గంటలకి రక్తం ఇవ్వాలి: రాత్రి 9కి వేసుకుంటే పొద్దున 9కి, పొద్దుటి మాత్ర వేసుకోకముందు. ల్యాబులో ఇది చాలామంది అడగరు, మీరే చూసుకోవాలి. మాత్ర వేసుకుని వెళ్తే లెవెల్ ఎక్కువ చూపిస్తుంది, అనవసరంగా డోసు తగ్గిస్తారు. కనీసం ఆరు నెలలకోసారి దీంతోపాటు క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), థైరాయిడ్, కాల్షియం కూడా చూపించుకోండి.

లెవెల్ పెంచేవి:

- చెమట, విరేచనాలు, వాంతులు. మన మే నెల ఎండలు వేరే చెప్పాలా. నీళ్లు, మజ్జిగ మానకండి.
- ఉప్పు హఠాత్తుగా మానేయడం. నలభై రోజులు ఉప్పు లేని పథ్యం, ప్రకృతి వైద్యం అంటూ మొదలుపెట్టేవాళ్లున్నారు. ఉప్పు తగ్గితే కిడ్నీలు లిథియాన్ని బయటికి పంపకుండా పట్టుకుంటాయి. ఆవకాయ రోజూ తినేవాళ్లు రోజూ తినండి, తిననివాళ్లు తినకండి. మార్పే ప్రమాదం.
- నొప్పి మాత్రలు: ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ రకం. పారాసెటమాల్ అయితే ఫర్వాలేదు.
- కొన్ని బీపీ మాత్రలు, నీరు లాగే మాత్రలు. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా మొదటి మాట “లిథియం వాడుతున్నాను” అని ఉండాలి.

ఒక మే నెలలో మోకాలు నొప్పికి మందుల షాపులో అడిగితే చీటీ లేకుండానే నొప్పి మాత్రలు ఇచ్చారు. నేనూ లిథియం సంగతి చెప్పలేదు. నాలుగో రోజు పొద్దున టీ కప్పు సాసర్ మీద టకటకా కొట్టుకుంటోంది. గడప దాటుతుంటే తూలాను. అమ్మ “ఎండదెబ్బ” అంది, ఉల్లిపాయ రసం రాసింది. సాయంత్రానికి మాట ముద్దగా అవుతుంటే అన్నయ్య ఆస్పత్రికి తీసుకెళ్లాడు. చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, తూలడం, మాట ముద్దకట్టడం: వీటిలో ఏది కనిపించినా తర్వాతి మాత్ర ఆపి, అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. సన్నటి వణుకు, దాహం మామూలుగా చాలామందికి ఉంటాయి, వాటిని తర్వాతి విజిట్‌లో చెప్తే చాలు.

బైపోలార్‌కి ఇచ్చే మిగతా మందుల గురించి క్లుప్తంగా. వాల్‌ప్రోయేట్ గర్భంలో బిడ్డకి చాలా హాని చేస్తుంది. పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్లు ఆ మాత్ర వాడుతుంటే పెళ్లికి ముందే డాక్టరుతో మాట్లాడండి, మీరుగా ఆపకండి. లామోట్రిజిన్ మొదలుపెట్టిన కొత్తలో ఒంటి మీద దద్దుర్లు వస్తే వెంటనే చూపించాలి. వరుసగా కొన్ని రోజులు మానేస్తే పాత డోసుతో మళ్లీ మొదలుపెట్టకూడదు. నీరసమని వేరే డాక్టరు దగ్గరికి వెళ్లి డిప్రెషన్ మాత్ర ఒక్కటే రాయించుకుంటే అది మేనియాలోకి నెట్టొచ్చు. ఉబ్బసానికో, చర్మానికో ఇచ్చే స్టెరాయిడ్ మాత్రలూ అంతే.

6. తెల్లవార్లూ మేలుకునే రాత్రులు

మన పెళ్లిళ్లలో ముహూర్తం రాత్రి రెండున్నరకి కూడా ఉంటుంది. మానేయమనను. సొంత చెల్లి పెళ్లి మానేస్తామా? విడిది దగ్గర ఒక గది మాట్లాడుకోండి. రాత్రి ఎనిమిదింటికి భోంచేసి, మాత్ర వేసుకుని పడుకోండి. తలంబ్రాలకి లేపమనండి. సంగీత్, మెహందీ, పెళ్లి, రిసెప్షను నాలుగింటికీ వెళ్లాలనుకోకండి, రెండు ఎంచుకోండి. ముందురోజూ తర్వాతరోజూ నిద్ర ఏడు గంటలుండాలి.

శివరాత్రికి సాయంత్రం అభిషేకం చూసుకుని తొమ్మిదిన్నరకి ఇంటికి రండి. జాగారం మీకు లేదు. రంజాన్ ఉపవాసం ఉండేవాళ్లు నెల ముందే డాక్టర్ని కలవండి. మాత్రల టైములు, లిథియం ఉంటే నీళ్లు, రెండూ చూడాలి.

అమెరికా ప్రయాణాల్లో రెండు ఇబ్బందులు. ఒకటి టైము తేడా: మాత్రలు ఏ టైముకి మార్చాలో టికెట్ కొన్నప్పుడే అడిగి రాయించుకోండి, మందులూ చీటీ చేతి బ్యాగులో పెట్టుకోండి. రెండోది ఎవరూ ఆలోచించనిది. కూతురి పురుడుకి వెళ్లే అమ్మలకి బైపోలార్ ఉంటే రాత్రుళ్లు పసిపిల్లని ఎత్తుకునే డ్యూటీ వాళ్లకి వేయకండి. పగలు చేస్తారు. ఇక బాలింతకే బైపోలార్ ఉంటే, పురుడైన మొదటి వారాలు జబ్బు తిరగబెట్టే అవకాశం చాలా ఎక్కువ. రాత్రి పాలు ఎవరు పట్టాలో తొమ్మిదో నెలలోనే తేల్చుకోండి.

7. కిందికి వెళ్లినప్పుడు

గంటలు, మాత్రలు రెండే గడులు నింపండి. మిగతావి ఖాళీగా వదిలేయండి. లేవడం, ఎండలో పది నిమిషాలు, స్నానం, అంతకన్నా పెట్టుకోవద్దు.

చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఎవరికైనా ఆ మాట అలాగే చెప్పండి. మాత్రల నిల్వ వాళ్ల చేతికి ఇచ్చేసి మూడు రోజులకి సరిపడా మాత్రమే మీ దగ్గర పెట్టుకోండి. ఎక్కువ వేసుకుంటే లిథియం ప్రాణం తీస్తుంది. 14416కి చేయండి. ఏదైనా మింగేసినా, చేసేసేలా ఉన్నా 108. ఇంట్లోవాళ్లు ఆ రాత్రి మనిషిని ఒంటరిగా వదలొద్దు.

పనిచేస్తోందో లేదో చూడటం

నెలాఖరున గంటల అంకెల్ని చుక్కలుగా పెట్టి స్కేలుతో కలపండి. రెండు వారాలకే ఏదో కనిపిస్తుందనుకోకండి, మూడు నెలలు పడుతుంది. చూడాల్సినవి మూడు: తొందరగా లేచిన రోజుకీ ఆలస్యంగా లేచిన రోజుకీ తేడా గంట లోపుందా, ఎన్ని మాత్రలు తప్పాయి, గీత దాటిన రోజుకీ డాక్టరుకి ఫోన్ చేసిన రోజుకీ మధ్య ఎన్ని రోజులు. ఈ మూడోది నాకు మొదట్లో పదకొండు, ఇప్పుడు ఒకటి. మూడ్ గీత చదునుగా రావాలని చూడకండి. మామగారు చనిపోయిన వారం -1 ఉండాలి, లేకపోతేనే చూపించుకోవాలి.

డాక్టరు దగ్గరికి పుస్తకం మొత్తం పట్టుకెళ్తే చదివే తీరిక ఉండదు. అరపేజీ రాసుకెళ్లండి: సగటు నిద్ర, గీత దాటిన తేదీలు, తప్పిన మాత్రలు, అడగాల్సిన రెండు ప్రశ్నలు.

పాత పుస్తకాలు పారేయకండి. నావి నాలుగు పక్కపక్కన పెట్టి చూస్తే నిద్ర తగ్గడం నాలుగింటిలోనూ మార్చి రెండో వారంలోనే మొదలైంది. ఎండలు ముదరడమో, ఆఫీసు లెక్కలో, రెండూనో. ఇప్పుడు ఫిబ్రవరి ఆఖరుకే డాక్టర్ని కలుస్తున్నాను, మార్చిలో ఆరు దాటాక ఆఫీసులో కూర్చోనని జనవరిలోనే చెప్పేస్తున్నాను. అప్పడాలు మాత్రం ఇంకా మార్చిలోనే ఎండబెడతాం.